పొగాకు: పండించిన నేల, పరిశోధించిన నేల

పల్నాటి వీరుల కథ తెలియని తెలుగువారు అరుదు. 12వ శతాబ్దిలో నాగులేటి ఒడ్డున కారంపూడి వద్ద జరిగిన యుద్ధం, బ్రహ్మనాయుని చాపకూడు, నాగమ్మ రాజనీతి, కోడిపందెం, బాలచంద్రుని సాహసం నేటికీ కథలుగా, పాటలుగా ఆ సీమలో వినిపిస్తూనే ఉన్నవి. ఆ వీరులు జొన్నకూడు తిన్నారు, కత్తి పట్టినారు, పౌరుషం కోసం ప్రాణాలు ఇచ్చినారు. కాని వారిలో ఒక్కరైనా చుట్ట కాల్చి ఎరుగరు. అది వారి నియమం కాదు. ఆనాడు పల్నాటిలోనే కాదు, భారతదేశంలోనే పొగాకు మొక్క లేదు. 15వ శతాబ్దిలో జీవించిన శ్రీనాథ మహాకవికి సైతం పొగాకు తెలియదు.

ఈనాడు గుంటూరు ప్రాంతం పేరు చెప్పగానే మిరపతోపాటు పొగాకు గుర్తుకు వస్తుంది. తాతముత్తాతల నాటి పంటవలె తోచే ఈ మొక్క మన దేశానికి వచ్చి నాలుగు వందల సంవత్సరాలు దాటి కొంతకాలమే అయినది. వచ్చిన అలవాటు వంటిదే అయితే పోవడానికి కూడా వీలున్నదా? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు వెదకిన సమాధానంలో ఆంధ్ర గ్రామాలకు పెద్ద పాలు ఉన్నది. ఆ కథ ఆసక్తికరమైనది, విద్యార్థులు తెలిసికొనవలసినది.

పొగాకు రాక

పొగాకు జన్మస్థలం అమెరికా ఖండం. 1492లో కొలంబస్ అక్కడ దిగినప్పుడు ఆదివాసులు ఎండిన ఆకులను కాల్చి పొగ పీల్చడం యూరపువారు మొదటిసారి చూసినారు. 16వ శతాబ్దిలో ఆ విత్తనం స్పెయిన్, పోర్చుగల్, ఫ్రాన్సు దేశాలకు చేరినది. పోర్చుగల్‌లో ఫ్రెంచి రాయబారిగా ఉన్న జాన్ నికో 1560 ప్రాంతంలో దీనిని ఔషధంగా తన దేశానికి పంపించినాడు. ఆయన పేరు మీదనే మొక్కకు నికోటియానా అని, అందులోని ముఖ్య పదార్థానికి నికోటిన్ అని పేర్లు వచ్చినవి.

మన దేశానికి పొగాకును తెచ్చినవారు పోర్చుగీసు వర్తకులు. బీజాపూరు వెళ్లిన అసద్ బేగ్ అనే ఉద్యోగి 1604-05 ప్రాంతంలో అక్కడి నుండి పొగాకును, హుక్కాను తెచ్చి అక్బరు చక్రవర్తికి సమర్పించినాడు. దాని వలన మేలా కీడా అని ఆస్థాన వైద్యులు ఆనాడే వాదించుకొన్నారు. 1617లో జహంగీరు పొగ త్రాగడాన్ని నిషేధించినాడు. ఇంగ్లండులో మొదటి జేమ్సు రాజు 1604లోనే పొగను దూషిస్తూ ఒక చిన్న పుస్తకం వ్రాసినాడు. రాజుల ఆజ్ఞలు గాలిలో కలిసిపోయినవి. పొగ మాత్రం నిలిచినది. 17వ శతాబ్దిలో మచిలీపట్నం రేవు నుండి తూర్పు దేశాలకు పోయే సరకులలో పొగాకు కూడా చేరినది. క్రమంగా పల్లెలలో చుట్ట, నశ్యం, నమిలే కాడ ఇంటింటి వస్తువులైనవి.

నల్లరేగడిలో కొత్త పంట

చాలా కాలం తెలుగు రైతు పండించినది నాటు పొగాకే. సిగరెట్లకు అనువైన వర్జీనియా రకం కంపెనీల ప్రోత్సాహంతో వచ్చినది. 1928 నుండి గుంటూరు జిల్లా నల్లరేగడిలో ఈ సాగు నిలదొక్కుకొన్నది. పచ్చి ఆకును బ్యారన్లలో కట్టి, గొట్టాల ద్వారా వేడిని పంపి పసుపు రంగు వచ్చేవరకు ఆరబెట్టడం దీని ప్రత్యేకత. పొగాకు కోసమే 1947లో రాజమండ్రిలో కేంద్ర పరిశోధన సంస్థ ఏర్పడినది.

పల్నాటి నేల అంతా ఒక తీరుగా లేదు. మాచర్ల, గురజాల వైపు నాపరాతి గుట్టలు, మెట్ట చేలు ఎక్కువ. నరసరావుపేట, వినుకొండ వైపు నల్లరేగడి కనిపిస్తుంది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదిలేవరకు ఇక్కడి రైతుకు వానే ఆధారం. వానాకాలం చివర నాటితే, నల్లరేగడి దాచుకొన్న తేమతోనే పెరిగే పంట పొగాకు. తడి తక్కువైన చోట నాలుగు రూకలు చేతికి ఇచ్చే పంటను రైతు ఎందుకు వదులుకొంటాడు? పొగాకు ఇక్కడ పాతుకొనడానికి కారణం వ్యసనం కాదు, అవసరం.

ఈ పంటకు చాకిరీ ఎక్కువ. నారుమడి, నాట్లు, పూత కనబడగానే తలలు త్రుంచడం, పిలకలు గిల్లడం, ఆకు కోయడం, గుచ్చడం, ఆరబెట్టడం, గ్రేడు చేయడం, అన్నీ చేతిపనులే. తలలు త్రుంచడంలో ఒక శాస్త్రరహస్యం ఉన్నది. నికోటిన్ ఆకులో పుట్టదు. వేళ్లలో తయారై కాండం ద్వారా ఆకులకు చేరుతుంది. పువ్వును తీసివేస్తే మొక్క బలమంతా వేళ్లకు, ఆకులకు మళ్లి నికోటిన్ పాలు పెరుగుతుంది. నిజానికి నికోటిన్ మొక్క తన్ను తినవచ్చే పురుగుల నుండి కాపాడుకొనడానికి చేసికొన్న విషం. తడి ఆకును ఎక్కువసేపు తాకిన కూలీల చర్మం గుండా కూడా ఇది ఒంటిలోకి పోతుంది. అప్పుడు తల తిరగడం, వాంతులు, నీరసం కలుగుతవి. అంటే పొగాకు కీడు చుట్ట ముట్టించినప్పుడు కాదు, చేనిలోనే మొదలవుతుంది.

అనుమానం నుండి ఆధారానికి

1828లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పోసెల్ట్, రైమన్ అనే ఇద్దరు నికోటిన్‌ను విడదీసినారు. అయినను పొగాకుకు, క్యాన్సరుకు గల సంబంధం తేలడానికి మరి శతాబ్దికి పైగా పట్టినది. 1950లో అమెరికాలో విండర్, గ్రాహం, ఇంగ్లండులో డాల్, హిల్ ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులలో పొగ త్రాగేవారు ఎంత ఎక్కువగా ఉన్నారో లెక్కలతో చూపించినారు. 1962లో లండనులోని రాయల్ వైద్య కళాశాల, 1964లో అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి వెలువరించిన నివేదికలు ప్రపంచాన్ని కుదిపినవి.

కాని మన దేశంలో ఈ ప్రశ్న అంతకు ముందే తలెత్తినది. అది ఊపిరితిత్తుల నుండి కాక నోటి నుండి పుట్టినది. తిరువాన్కూరులోని నెయ్యూరు ఆసుపత్రిలో పనిచేసిన ఐ.ఎం. ఓర్ తాంబూలం నమిలేవారి నోటి క్యాన్సరును గూర్చి 1933లో వ్రాసినాడు. 1937లో ఎం.జి. కిని, కె.వి. సుబ్బారావు అనే వైద్యులు విశాఖపట్నంలో తాము చూసిన క్యాన్సరు రోగులను గూర్చి ఒక వ్యాసం ప్రకటించినారు. బొంబాయిలో సంఘ్వీ, రావు, ఖనోల్కర్ 1955లో పొగ త్రాగడానికి, పొగాకు నమలడానికి, నోటి గొంతు క్యాన్సర్లకు గల సంబంధాన్ని లెక్కలతో స్థాపించినారు. 1957లో డి. గోవిందరెడ్డి, వి.కె. రావు కోస్తా ఆంధ్రలో కనిపించే ఒక విచిత్రమైన క్యాన్సరును వర్ణించినారు. అది అంగిటికి వచ్చే క్యాన్సరు. ప్రపంచంలో మిక్కిలి అరుదైన ఆ వ్యాధి ఇక్కడ తరచుగా ఎందుకు వస్తున్నది?

అడ్డపొగ

దానికి సమాధానం తీరగ్రామాల అలవాటులో ఉన్నది. విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలలో చాలామంది చుట్ట వెలిగించి, మండే కొనను నోటిలోపల పెట్టుకొని పీల్చేవారు. దీనినే అడ్డపొగ అంటారు. ఈ అలవాటు పురుషులలో కంటె స్త్రీలలో ఎక్కువ. గాలికి చుట్ట ఆరిపోదనీ, పని చేసికొంటూ కూడా చేయి తగలకుండ కాల్చుకోవచ్చుననీ, ఒక చుట్ట చాలాసేపు వస్తుందనీ వారు చెప్పేవారు. తల్లి కాల్చగా చూచి కూతురు నేర్చుకొనేది. ఎవరికీ అది వింత కాదు.

ఇది ఎంత ప్రమాదకరమో కొంచెం ఆలోచిస్తే తెలుస్తుంది. సిగరెట్టు పీల్చినప్పుడు మండే కొన దగ్గర వేడి సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వరకు పోతుంది. మామూలుగా కాల్చేవారికి ఆ నిప్పు పెదవులకు దూరంగా ఉంటుంది. పొగ ఆకు గుండా వచ్చేలోగా కొంత చల్లబడుతుంది. అడ్డపొగలో నిప్పు అంగిటి క్రిందనే ఉంటుంది. వేడి, బూడిద, బెంజోపైరీన్ వంటి క్యాన్సరు కారకాలు నేరుగా అంగిటి పొర మీద పడతవి. ఏళ్ల తరబడి ఇట్లు జరిగితే అంగిలి తెల్లబడి, గట్టిపడి, చిన్న ఎర్రని చుక్కలతో గరుకుదేరుతుంది. కొందరిలో అది పుండై క్యాన్సరుగా మారుతుంది.

ఇంటింటి పరీక్ష

ఆసుపత్రికి వచ్చిన రోగులను మాత్రమే చూచి ఊరి సంగతి చెప్పడం కష్టం. వ్యాధి లేనివారిలో ఆ అలవాటు ఎంత ఉన్నదో కూడా తెలియాలి. ఇందుకోసం బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో ఫాలీ మెహతా నాయకత్వాన దంత పరిశోధన విభాగం ఒక పెద్ద కార్యానికి పూనుకొన్నది. డెన్మార్కుకు చెందిన జెన్స్ పిండ్‌బర్గ్ ఇందులో సహకరించినాడు. గణాంకాల పనిలో ప్రకాశ్ గుప్తా చేరినాడు. 1960 దశకం ఉత్తరార్ధంలో ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం, సింగ్‌భూమ్, దర్భంగా జిల్లాల గ్రామాలలో దంతవైద్యులు ఇల్లిల్లూ తిరిగి 50,915 మంది నోళ్లను పరీక్షించినారు. ఎవరు ఏ రూపంలో పొగాకు వాడుతున్నారో అడిగి వ్రాసికొన్నారు. 1969లో ఫలితాలు ప్రకటితమైనవి. నోటి క్యాన్సరు, దానికి ముందు వచ్చే తెల్లమచ్చలు పొగాకు వాడేవారినే వెదకి పట్టినవి. వాడనివారిలో అవి మిక్కిలి అరుదు.

శ్రీకాకుళం జిల్లాలో పరీక్షించిన 10,169 మంది ఫలితాలు ప్రత్యేకంగా 1971లో వెలువడినవి. వారిలో నూటికి 43 మందికి పైగా అడ్డపొగ అలవాటు కలవారు. అంగిటి మార్పులు ముఖ్యంగా వారిలోనే కనిపించినవి. ఆసుపత్రి వైద్యుల అనుమానం ఇట్లు గ్రామాల లెక్కతో రూఢి అయినది. తరువాత ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాలలోని ముప్ఫై వేల మందిని పది సంవత్సరాలపాటు మరల మరల పరీక్షించినారు. మచ్చ ఎప్పుడు పుట్టునో, ఎప్పుడు మాయునో, ఎప్పుడు క్యాన్సరగునో కంటితో చూడగలిగినారు. చాలావరకు క్యాన్సరు హఠాత్తుగా రాలేదు. ముందు మచ్చ వచ్చినది. అంటే ప్రకృతి ముందుగా హెచ్చరిక చేస్తున్నది.

మాన్పించడం సాధ్యమా?

హెచ్చరిక ఉన్నప్పుడు వినే అవకాశం కూడా ఉండాలి. ఆనాడు చాలామంది పెద్దలు ఒక మాట అనేవారు: పొగాకును అరికట్టడం సంపన్న దేశాల పని, చదువు లేని పల్లెవారికి చెప్పినా ప్రయోజనం లేదు, బీద దేశాలకు ఇంతకంటె పెద్ద జబ్బులు ఉన్నవి. ఈ మాటను పరీక్షకు పెట్టినది శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాలలో జరిగిన ప్రయోగం.

1977 ప్రాంతంలో పొగాకు వాడే 36,471 మందిని ఎన్నుకొని వారికి మానుమని బోధించడం మొదలుపెట్టినారు. ఏటేటా దంతవైద్యుడు ఇంటికి వచ్చి నోరు పరీక్షించేవాడు. మచ్చ ఉంటే దాని సంగతి చెప్పేవాడు. కార్యకర్త దగ్గర కూర్చొని మాట్లాడేవాడు. పోస్టర్లు, సినిమాలు, రేడియో, పత్రికలు, పల్లె నాటకాలు తోడైనవి. అక్షరం రానివారికి చెవితో, కంటితో చెప్పినారు. పోలిక కోసం అవే ప్రాంతాలలో ముందు పది సంవత్సరాలు బోధన లేకుండ పరిశీలించినవారి లెక్కలు సిద్ధంగా ఉన్నవి.

అయిదు సంవత్సరాల ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వెలువడినవి. అలవాటు మానినవారి సంఖ్య చూడగానే ఆశ్చర్యపడునంత పెద్దది కాదు. కాని బోధన లేని రోజులతో పోలిస్తే ఎర్నాకుళం, శ్రీకాకుళం జిల్లాలలో మానినవారు స్పష్టంగా ఎక్కువ. క్యాన్సరుకు ముందు వచ్చే మచ్చలు కొత్తగా పుట్టడం తగ్గినది. ఇందులో గొప్ప సంగతి ఇదే: ఖరీదైన యంత్రం లేదు, మందు లేదు. నోటిమాట, ఓపిక, ఏటా ఒకసారి వచ్చి తలుపు తట్టే మనిషి, ఇవే సాధనాలు. పల్లెవారు వినరన్న మాట పల్లెలోనే వీగిపోయినది.

ఒకే ఏట రెండు చట్టాలు

శాస్త్రం ఇట్లు సాగుతుండగా ప్రభుత్వం ఏమి చేసినది? 1975లో పార్లమెంటు పొగాకును గూర్చి రెండు చట్టాలు చేసినది. ఒకటి పొగాకు బోర్డు చట్టం. దాని ప్రకారం 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా బోర్డు ఏర్పడినది. వర్జీనియా పొగాకు సాగును, ఎగుమతిని వృద్ధి చేయడం, రైతుకు న్యాయమైన ధర రాబట్టడం దాని పని. 1985 నుండి ఆంధ్రలో బోర్డు వేలం కేంద్రాలు నడుస్తున్నవి. రెండవది సిగరెట్ల చట్టం. సిగరెట్టు ఆరోగ్యానికి హానికరమని ప్రతి పెట్టె మీద అచ్చు వేయాలని అది ఆదేశించినది.

ఒక చేత్తో పంటను పెంచి, మరొక చేత్తో హెచ్చరించడం విడ్డూరంగా తోచవచ్చు. కాని అభివృద్ధి చెందే దేశాల చిక్కు అంతా ఇందులోనే ఉన్నది. రైతు బ్రతకాలి, ఎగుమతి డబ్బు రావాలి, ఖజానాకు పన్ను కావాలి, ప్రజల ఆరోగ్యమూ నిలవాలి. పైగా ఆ హెచ్చరిక సిగరెట్టు పెట్టెకే పరిమితం. శ్రీకాకుళం అమ్మ కాల్చే చుట్టకు పెట్టె లేదు. ఉన్నా ఆమెకు చదవడం రాదు. వ్యాధి ఎక్కడ అధికంగా ఉన్నదో అక్కడికి చట్టం చేరలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ చిక్కును గుర్తించి, అభివృద్ధి చెందే దేశాలలో పొగ త్రాగడాన్ని అరికట్టే పద్ధతులను గూర్చి 1983లో ఒక ప్రత్యేక నివేదిక వెలువరించినది. 1988 నుండి ఏటా పొగాకు వ్యతిరేక దినం జరుగుతున్నది. మన దేశంలో 2003లో కొత్త చట్టం వచ్చినది. అది సిగరెట్లతో ఆగక బీడీ, చుట్ట, నమిలే పొగాకు అన్నింటికీ వర్తిస్తుంది. 18 సంవత్సరాల లోపు వారికి అమ్మరాదనీ, విద్యాలయానికి 100 గజాల లోపల అమ్మకం కూడదనీ ఆ చట్టం శాసించినది. 2009 మే 31 నుండి పెట్టెల మీద బొమ్మల హెచ్చరిక వచ్చినది. 2016లో అది పెట్టె ముఖభాగంలో నూటికి 85 పాళ్లకు పెరిగినది. చదవలేనివారి కంటికి హెచ్చరిక కనబడడానికి ఇన్ని సంవత్సరాలు పట్టినది. ఈ ప్రయత్నాల ఫలం లెక్కలలో తెలుస్తుంది. 2009-10లో దేశంలోని వయోజనులలో నూటికి 34.6 మంది పొగాకు వాడగా, 2016-17 నాటికి ఆ సంఖ్య 28.6కు తగ్గినది.

మిగిలిన సగం పని

2003 మే నెలలో ప్రపంచ దేశాలు పొగాకు నియంత్రణ ఒడంబడికను ఆమోదించినవి. భారతదేశం 2004 ఫిబ్రవరిలో దానిని ధ్రువపరచినది. 2005 ఫిబ్రవరి 27న అది అమలులోకి వచ్చినది. ఆ ఒడంబడికలో 17వ అధికరణం పల్నాటి వారు ప్రత్యేకంగా చదువదగినది. పొగాకు మీద బ్రతికే రైతులకు, కూలీలకు వేరు జీవనోపాధి చూపడంలో దేశాలు తోడ్పడాలని అది చెప్పుచున్నది. 18వ అధికరణం సాగులో నేలను, సాగు చేసేవారి ఆరోగ్యాన్ని కాపాడాలని చెప్పుచున్నది.

ఈ సగం ఇంకను పూర్తి కాలేదు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడిలో ఒకప్పుడు పొగాకు వేసిన చేలు అనేకం శనగకు మారినవి. సాగరు నీరు అందిన చోట వరి, మిరప, ప్రత్తి వచ్చినవి. 2015-16 నుండి కేంద్రప్రభుత్వ పంటమార్పిడి పథకం పొగాకు పండే రాష్ట్రాలకు కూడా వర్తించినది. పొగాకు కోసం పుట్టిన రాజమండ్రి సంస్థలోనే ప్రత్యామ్నాయ పంటల మీద పరిశోధనలు జరిగినవి. అయినను ధర ఊరించిన ఏడు రైతు మరల పొగాకు వైపు తిరుగుతాడు. గుంటూరు, పల్నాడు, ప్రకాశం ప్రాంతాలలో ఆకును దారాలకు గుచ్చి ఆరబెట్టే నల్ల బర్లీ రకం ఇట్లే విస్తరించినది. ఈ రకం బోర్డు వేలంలోకి రాదు. కొనేవాడు చెప్పినదే ధర. 2025లో ధర పడిపోయి ఆకు ఇళ్లలోనే నిలిచిపోగా, రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా కొనవలసి వచ్చినది. త్రాగేవానిని మాత్రమే కాదు, పండించేవానిని కూడా పొగాకు నమ్మించి ముంచగలదు.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా అవతరించినది. ఆ జిల్లా పాఠశాలలో పొగాకు కీడు గూర్చి పాఠం చెప్పే ఉపాధ్యాయుని ఎదుట, తండ్రి పొగాకు చేనికి నీరు పెట్టి వచ్చిన పిల్లవాడు కూర్చొని ఉండవచ్చు. పొగాకు చెడ్డదని చెప్పి ఊరుకొంటే ఆ బాలునికి తన తండ్రి చెడ్డవాడన్నట్లు వినిపిస్తుంది. శ్రీకాకుళం ప్రయోగం నేర్పిన పాఠం ఇక్కడ కూడా పనికివస్తుంది. అక్కడి కార్యకర్తలు చుట్ట కాల్చే ముసలమ్మను నిందించలేదు. ఆమె నోటిలోని మచ్చను చూచి, దాని అర్థం చెప్పి, మరుసటి ఏడు మరల వచ్చినారు. రైతు విషయంలో కూడా అదే ఓర్పు, అదే లెక్క కావాలి. ఏ నేలకు ఏ పంట నిలుస్తుందో, దానికి కొనేవాడు ఎవరో, ధర ఎంతో తేల్చి చూపించాలి.

కారంపూడి వీరులు ఎరుగని ఈ ఆకు సముద్రాలు దాటి వచ్చినది. దాని కీడును నిరూపించడంలో తెలుగు పల్లెలు ప్రపంచానికి సాక్ష్యం చెప్పినవి. అలవాటు మానవచ్చునని చూపించినవి కూడా అవే. పంటను కూడా నష్టం లేకుండ మార్చవచ్చునని చూపించడం పల్నాటి వంతు.